ఆడికృత్తిక నాడు మేనమామ ఒడి

మా వాడి నాలుక చివర రెండుగా చీలి ఉంటుంది. పుట్టుకతో వచ్చింది కాదు, బెంగళూరు వెళ్లి కోరి చీల్పించుకుని వచ్చాడు. ఇంత చెప్పాక మిగతావి దాచి ప్రయోజనం లేదు. మెడ నుంచి దవడల దాకా పాము పొలుసుల పచ్చబొట్టు. నుదుటి చర్మం కింద రెండు బుడిపెలు, మేకపిల్లకు కొమ్ములు రాబోయే ముందు ఉంటాయే, అట్లా. చెవితమ్మెలు సాగదీసి వాటిలో చెక్క బిళ్లలు పెట్టుకుంటాడు. బిళ్ల తీస్తే ఆ రంధ్రంలో నా చిటికెన వేలు ఇటు నుంచి అటు పోతుంది. పోనిచ్చి చూశాను కాబట్టే చెబుతున్నాను.

నేను బడికి వెళ్లినదాన్ని కాదు. నాయన ఇంట్లోనే పలక మీద అక్షరాలు దిద్దించి, పురాణాలు చదవడం నేర్పాడు. ఆ చదువులో ఏనుగు తల దేవుడూ, సింహం మొహం దేవుడూ, ఒళ్లంతా కళ్లున్న ఇంద్రుడూ చిన్నప్పుడే పరిచయమయ్యారు. అందుకేనేమో, మా వాడు మొదటిసారి నోరు తెరిచి చూపించినప్పుడు భయం కన్నా ముందు నాకు నవ్వొచ్చింది. నవ్వితే అలుసవుతానని కొంగు నోట్లో కుక్కుకున్నాను. వాడు నేను ఏడుస్తున్నాననుకుని కంగారుపడ్డాడు. నాలుక వాచిన ఆ రోజుల్లో రాగిజావ చల్లార్చి పోశాను. కోపంతోనే పోశాను కానీ, జావ చల్లారే లోపల కోపం కూడా చల్లారిపోయేది. బిడ్డ తిన్నాడు, నిద్రపోయాడు, తెల్లవారి లేచాడు. స్వామికి దణ్ణం పెట్టుకోవడానికి ఇంతకన్నా ఏం కావాలి?

మేముండేది తిరుపతిలో. పొద్దున వాకిలి ఊడ్చేసరికి వీధిలో నున్నటి గుండ్లు ఎన్ని పోతాయో. మొగవాళ్లు, ఆడవాళ్లు, పాలు తాగే పిల్లలు, అందరి నెత్తినా చందనం. ఎందుకు గొరిగించుకున్నావని ఈ ఊళ్లో ఎవరూ ఎవరినీ అడగరు. అదే వీధిలో మా వాడు పాల పాకెట్టు తేవడానికి వెళితే కిటికీలు తెరుచుకుంటాయి.

ఎదురింటావిడ ఒకరోజు గోడ మీద మోచేతులు ఆనించి అడిగింది. "ఏమ్మే, మీ వాడికి దిష్టి తీస్తా ఉండావా లేదా?"

"దిష్టి పెట్టేదానికి ఎవురికన్నా ధైర్యం ఉండాల గదక్కా" అన్నాను.

ఆవిడ గోడ మీది మోచేతులు తీసి, "అదీ నిజమే" అని లోపలికి వెళ్లిపోయింది.

ఉద్యోగం కూడా ఎవరూ ఇవ్వలేదు. చివరికి రేణిగుంట దగ్గర ఒక పార్శిళ్ల గోడౌనులో దొరికింది. "పార్శిళ్లకు మొగంతో పనిల్యామ్మా, చిరునామా సరిగ్గా ఉంటే సాలు" అన్నాడు వాడు వచ్చి. ఆ రోజు పాయసం చేశాను.

మా అమ్మాయిని ఐరాల వైపు మామిడి తోటలున్న ఇంటికిచ్చాం. దానికి ఒక ఆడపిల్ల. మా వైపు పుట్టువెంట్రుకలు తీసినా, చెవులు కుట్టినా బిడ్డ మేనమామ ఒళ్లోనే కూర్చోవాలి. తల్లికి తమ్ముడో అన్నో ఉండగా ఇంకొకరి ఒళ్లో కూర్చోబెట్టడమంటే, ఆ తమ్ముడు లేడని పదిమందిలో చెప్పినట్టే. తిరుమలలో పుట్టువెంట్రుకలు తీసినప్పుడు మా వాడు వాచిన నాలుకతో ఇంట్లో పడి ఉన్నాడు. వాడి బదులు మా అక్క కొడుకు కూర్చున్నాడు. బ్యాంకులో పని చేస్తాడు, పద్ధతైన పిల్లవాడు. ఇక మిగిలింది చెవులు కుట్టడం ఒక్కటే. అదీ దాటిపోతే ఆ బిడ్డకు మా వాడు మేనమామగా కూర్చునే పీట ఇంకొకటి లేదు.

వాడు ఆ రోజు కోసం ఎంత ఎదురుచూశాడంటే, దిండును ఒళ్లో పెట్టుకుని ఎట్లా పట్టుకుంటే బిడ్డ తల కదలదో సాధన చేసేవాడు. దిండు చెవిని నిమిరేవాడు. బంగారు కమ్మలు వాడే కొన్నాడు, ఆవగింజంత ఎర్రరాయివి.

తమిళుల ఆడి నెలలో కృత్తిక నాడు, చిత్తూరు దగ్గర గుట్ట మీది సుబ్రహ్మణ్యస్వామి గుళ్లో చెవులు కుట్టించాలని నిశ్చయించారు. వారం ముందు మా వియ్యంకుడు ఫోన్ చేశాడు.

"చెల్లెమ్మా, తప్పుగా అనుకోవద్దు. ఆ పొద్దు కావిళ్లెత్తే దినం. ఊరంతా గుట్టకొస్తాది. మీ అక్క కొడుకునే కూర్సోబెడదాం. తలకు ఆ అబ్బోడే గదా కూర్సున్నాడు, చెవులకీ ఆ అబ్బోడే కూర్సుంటే వరస కలుస్తాది."

"మావాడు ఉండాడు గదన్నా."

"ఉండాడు, ఎవురు లేడనింది? ఉండాడనే ఫోన్ జేసినా. బిడ్డ ఆ మొగం జూసి దడుసుకుంటే?"

ఆ బిడ్డ దడుచుకోవడం గురించి చెప్పాలి. మా వాడు కనిపిస్తే చాలు, ఎవరి చంకలో ఉన్నా దూకుతుంది. చెక్క బిళ్ల ఊడబీకి ఆ రంధ్రంలో వేలు పెట్టి ఆడుకుంటుంది. బుడిపెల మీద తాళం వేస్తుంది. వాడు నాలుక బయటపెట్టి రెండు కొసల్ని ఒకదాని మీద ఒకటి ఆడిస్తే, ఎక్కిళ్లొచ్చేదాకా నవ్వుతుంది. ఇదంతా వియ్యంకుడికి తెలుసు. ఆయనకున్న దడుపు బిడ్డను చూసి కాదు, ఊరిని చూసి.

వాడితో చెప్పాను. ఒళ్లోని దిండు తీసి పక్కన పెట్టాడు. తరువాత, "సంచీ మోసేదానికన్నా వస్తాలేమ్మా" అన్నాడు. కమ్మల పెట్టెను మాత్రం సంచిలో వేయలేదు, జేబులో పెట్టుకున్నాడు.

మావారికి మోకాళ్ల నొప్పి. కారులో గుట్ట కింద దాకా వచ్చి అక్కడే ఉండిపోయారు. పైన ఎక్కడ చూసినా కావిళ్లు, పసుపు బట్టలు, నెమలి ఈకలు, డప్పులు. మా ముందు ఒకాయన మొక్కు తీర్చుకుంటూ రెండు బుగ్గల్లోంచి ఇటు నుంచి అటు శూలం గుచ్చుకుని నడుస్తున్నాడు. ఇంకొకాయన వీపుకు కొక్కేలు, ఆ కొక్కేలకు తాళ్లు, ఆ తాళ్లకు చిన్న తేరు. వియ్యంకుడు చెప్పులు పక్కకు వదిలి, శూలం ఆయన పాదాలు రెండు చేతులతో కళ్లకద్దుకున్నాడు. కళ్లు తుడుచుకుంటూనే మా వాడి వైపు తిరిగాడు.

"అబ్బోడా, మూతికి మాస్కు, నెత్తికి టోపీ పెట్టుకో. చూసేవాళ్లకు బాగుండదు."

ఉన్ని టోపీ ఆయనే తెచ్చి పెట్టాడు, చలికాలంలో తోటకు పోయేటప్పుడు పెట్టుకునేది. నడినెత్తిన ఎండ, వాడి నెత్తిన ఉన్ని టోపీ, చెవుల కింద దాకా. చెమట కారి పొలుసులు తళతళలాడుతున్నాయి. మా అమ్మాయి వాణ్ణి చూసి నవ్వాలో ఏడవాలో తెలియక, మామగారి వెనక నడుస్తూ ఆయన నడకను అనుకరించడం మొదలుపెట్టింది. నేను స్వామి నామం గట్టిగా అందుకున్నాను, లేకుంటే నవ్వు బయటపడేది.

సగం గుట్ట ఎక్కాక మజ్జిగ పందిరి వచ్చింది. వాడు ఇక తట్టుకోలేక టోపీ, మాస్కు తీసి గ్లాసుడు మజ్జిగ తాగాడు. పై పెదవికి అంటిన మజ్జిగను నాలుకతో తుడుచుకున్నాడు. నాలుక ఆ పక్క కొసతో ఆ మూల, ఈ పక్క కొసతో ఈ మూల.

ఒక చేతిలో పాలచెంబు, ఇంకో చేతిలో కోడిగుడ్డు పట్టుకుని నాగుల పుట్టకు పోతున్న ఒకావిడ అక్కడే నిలబడిపోయింది.

"అమ్మే, ఆ నాలిక సూడు" అంది తోటి ఆవిడతో, మెల్లగా.

"మెడ మీద పొలుసులు సూడు."

"నాగేంద్రుడి మొక్కుమే ఇది. శూలమంటే ఒక్క దినానికి. ఇది జన్మకంతా."

మరుక్షణం ఆవిడ వాడి ముందు మోకాళ్ల మీద కూర్చుంది. పాలచెంబు అందించింది. మా వాడు పాపం దాహంలో ఉన్నాడు, ఎవరో ఇచ్చారు కదా అని గటగటా తాగేశాడు. స్వయంగా నాగేంద్రుడే పాలు తాగినట్టయింది. ఇక ఎవరు ఆపగలరు? ఒకరు పసుపునీళ్లు పాదాల మీద పోశారు. ఒకరు విభూతి తెచ్చి బుడిపెల మీద పెట్టారు, సరిగ్గా రెండింటికీ. పడగ ఇక్కడే లేస్తుందని ఇంకొకరు వివరించారు. పాలావిడ కోడిగుడ్డు వాడి అరచేతిలో పెట్టి చేతులు జోడించింది.

"ఉడకబెట్టిందా అక్కా?" అని అడిగాడు మా వాడు, చాలా మర్యాదగా.

నేను పందిరి గుంజ పట్టుకున్నాను. మా అమ్మాయి బిడ్డను అవ్వ చేతికిచ్చి నా భుజంలో మొహం దాచుకుంది. అవ్వ అంటే మా వియ్యంకుడి తల్లి. మనుమడి బిడ్డ చెవులు కుట్టడం చూడాలని ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి మోసుకొచ్చారు.

ఇంతలో వరుస కట్టారు. వరుస చూస్తే జనానికి ఇంకా భక్తి పెరుగుతుంది కదా. ముందుకు వెళ్లిపోయిన వియ్యంకుడు వెనక్కి వచ్చి, ఎవరి కోసమీ వరుస అని తోసుకుంటూ చూశాడు. నిలబడి ఉన్నది మా వాడు. పక్కన వాళ్ల ఊరి సర్పంచి చేతులు జోడించి ఉన్నాడు.

ఆయన మొహం మారడం నేను కళ్లారా చూశాను. కండువా సర్దుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు.

"మా కోడలి తమ్ముడేనప్పా" అన్నాడు సర్పంచితో. "మా బిడ్డకు సొంత మేనమామ. ఈ పొద్దు చెవులు కుట్టేది ఆ అబ్బోడి ఒళ్లోనే."

మా అక్క కొడుకు గంజి పెట్టిన పంచెలో, నలగకుండా ఉండాలని పొద్దుటి నుంచి ఎక్కడా కూర్చోలేదు. వాడు నా వైపు చూశాడు. "నువ్వు ఇంక కూర్సో నాయనా" అన్నాను. హాయిగా అరుగు మీద చతికిలబడ్డాడు.

నా ఆనందం ఏం చెప్పను. స్వామీ, నువ్వెంత చమత్కారివి అనుకున్నాను. ఉన్ని టోపీతో మొదలుపెట్టి పసుపునీళ్ల దాకా తెచ్చావు. మా వాడికి కావలసిన ఒడి వాడికి దక్కింది, నాకు ఇంకేం అక్కరలేదు.

అప్పుడు ఆ పాలావిడ, "ఏం కోరుకుని మొక్కుకుంటివి నాయనా?" అని అడిగింది.

వరుసలో వాళ్లంతా వినడానికి ముందుకు వంగారు. మా అమ్మాయి వాడి మోచేయి గిల్లింది. "ఊ అనురా" అంది పళ్ల మధ్య నుంచి. నేనూ మనసులో అదే అన్నాను. ఒక్క 'ఊ', అంతే కావలసింది.

వాడు అరచేతిలో గుడ్డు చూసుకున్నాడు.

"మొక్కేం లేదక్కా. నాకు ఇష్టమై చేపిచ్చుకున్నా."

"ఇష్టమా?"

"ఊ."

"సామికి గాదా?"

"కాదక్కా. సామికని నేనెప్పుడూ అనుకోలే. అనుకోనిది సామి గుట్ట మీద ఎట్ల జెప్పేది?"

ఆవిడ లేచి మోకాళ్ల దుమ్ము దులుపుకుంది. తరువాత చెయ్యి చాపి వాడి అరచేతిలోంచి గుడ్డు తీసుకుంది. ఖాళీ చెంబులోకి ఒకసారి చూసింది. పాలు ఎట్లాగూ తిరిగి రావు. వరుస విడిపోయింది. విభూతి పెట్టినాయన, పెట్టిన విభూతిని ఏం చేయాలో తోచక కొంతసేపు నిలబడి, తరువాత వెళ్లిపోయాడు. సర్పంచి చేతులు విడదీసి వెనక్కి పెట్టుకున్నాడు.

వియ్యంకుడి మెడ ఎర్రబడింది. "సామికైతే ఒక అర్థం ఉండాది. ఊరికే ఇష్టమంటే ఏందది? ఇష్టమని రేపు చెయ్యి కోసుకుంటాడు, ఎల్లుండి ముక్కు కోసుకుంటాడు. చెల్లెమ్మా, మీ అక్క కొడుకును లెయ్యమను."

మా అక్క కొడుకు లేచాడు. పంచె అప్పటికే నలిగిపోయింది. మా వాడు జేబులోంచి కమ్మల పెట్టె తీసి వాడి చేతిలో పెట్టాడు. ఆ రోజంతట్లో నా నవ్వు ఆగిపోయింది అప్పుడొక్కసారే.

"రేయ్, ఇట్ల రా" అని పిలిచింది అవ్వ.

వియ్యంకుడు, మా అక్క కొడుకు, మా వాడు, ముగ్గురూ తిరిగారు.

"నువ్వు గాదు. ఆ పాములోడు."

వాడు వెళ్లి కుర్చీ ముందు గొంతుక్కూర్చున్నాడు. బిడ్డ అవ్వ ఒళ్లోంచి చెయ్యి చాపి అలవాటు ప్రకారం వాడి చెవి బిళ్ల ఊడబీకింది. అవ్వ ఆ రంధ్రంలోకి కళ్లు చికిలించి చూసింది.

అవ్వ చెవులు మీరు చూడాలి. ఆమె పుట్టిల్లు తమిళ దేశం అంచున. ఆ కాలంలో ఆ వైపు ఆడపిల్లలకు చిన్నప్పటి నుంచే తమ్మెలు సాగదీసి బరువు కమ్మలు వేసేవారు. కమ్మలు ఎప్పుడో పోయాయి. సాగిన తమ్మెలు మాత్రం భుజాల దాకా వేలాడుతూ, ఆమె తల తిప్పినప్పుడల్లా ఊగుతుంటాయి.

"ఎంతసేపు పట్టినాది ఇది సాగేదానికి?"

"రెండేండ్లవ్వా."

"నాకు నా పెండ్లి దాకా పట్టినాది. నొప్పి పుట్టినాదా?"

"పుట్టింది."

"నాకూ పుట్టినాది. మాయమ్మ జొన్నదంటు ముక్కలు పెట్టి లావు జేస్తా ఉండె. ఎవురి చెవి పెద్దదని మేము పిల్లోళ్లంతా పందేలు కాసుకుంటా ఉంటిమి. యాదీ, నీ వేలు పెట్టు."

మా వాడు తన చిటికెన వేలు తన చెవిలో పెట్టాడు. పోయింది. అవ్వ తన బొటనవేలు తన తమ్మెలో పెట్టింది. పోయింది, ఇంకా చోటు మిగిలింది. అవ్వ ఆ బొటనవేలు అట్లాగే ఉంచి చుట్టూ చూసింది.

"నీది సిన్నది" అంది.

"చిన్నదేనవ్వా" అని వాడు ఒప్పుకున్నాడు.

నవ్వు మొదట మా అమ్మాయికి వచ్చింది, తరువాత కుర్చీ మోసినవాళ్లకు. ఆఖరికి, వెళ్లిపోకుండా దూరం నుంచి చూస్తున్న పాలావిడకు కూడా.

"అమ్మా, జనం జూస్తా ఉండారు" అన్నాడు వియ్యంకుడు.

"వీడింతే" అంది అవ్వ మా వాడితో. "వీడి కొడుకు పెండ్లికి ముందర నన్ను చిత్తూరు ఆస్పత్రికి పిలుచుకోని పోయినాడు, చెవులు కత్తిరించి కుట్టించేదానికి. పట్నం నుంచి చుట్టాలొస్తారంట, వీడికి సిగ్గంట. నేను ఆస్పత్రి గడప కాడ్నే కూలబడి, లెయ్యనంటే లెయ్యనంటిని. అప్పుడు నన్నడిగినాడు, నీకేం మొక్కామ్మా అవి, అట్ల పట్టుకోని ఏలాడతావు అని. నాకిష్టంరా అంటిని."

వియ్యంకుడు కొండ కిందికి చూస్తున్నాడు. మామిడి తోటలు అక్కడి నుంచి కనిపిస్తాయి.

చెవులు కుట్టే ఆచారి మండపంలోంచి కేక వేశాడు. "ఐరాల బిడ్డ వరస వచ్చింది. మేనమామ ఎవురు? వచ్చి కూర్సోండి."

ఎవరూ కదలలేదు. అవ్వ బిడ్డను ఎత్తి మా వాడి చేతుల్లో పెట్టింది. మా అక్క కొడుకు కమ్మల పెట్టెను, వేడి గిన్నె పట్టుకున్నవాడిలాగా, గబుక్కున మా వాడి జేబులో వేసేశాడు. వాడు మాత్రం లేవలేదు. బిడ్డను పట్టుకుని వియ్యంకుడి వైపే చూస్తున్నాడు. ఆయన మాట లేకుండా ఆ పీట మీద కూర్చోడు. అది నాకు తెలుసు, ఆయనకూ తెలిసింది.

వియ్యంకుడు భుజం మీది కండువా తీసి నాలుగు మడతలు పెట్టాడు. "ఆ బెల్టుకేందో ఇనప రింగులు తగిలించుకోనుండావు, బిడ్డకు గుచ్చుకుంటాయి. ఒళ్లో ఇది పరుసుకో" అన్నాడు, కొండ కిందికి చూస్తూనే.

మా వాడు పీట మీద కూర్చున్నాడు. దిండు మీద నేర్చుకున్నట్టే బిడ్డ తలను ఎదకు ఆనించి పట్టుకున్నాడు. ఆచారి వాడి మొహం చూసి, "నీకు భయం లేదులే" అని సూది తీశాడు. సూది దిగింది. బిడ్డ ఒక్క క్షణం నమ్మలేనట్టు చూసి, గుట్ట అదిరేలా ఏడ్చింది. రెండో చెవి అయ్యేసరికి మా వాడి కళ్ల వెంట కూడా ధారలు. పొలుసుల మీదుగా జారి కండువా మీద పడుతున్నాయి.

"ఏందిరా" అన్నాడు వియ్యంకుడు, ఉండబట్టలేక. "ఇన్ని పొడిపించుకున్నోడివి, నువ్వు ఏడిస్తే ఎట్ల?"

"నాకు పొడిసేటప్పుడు నన్నడిగినారు మామా" అన్నాడు మా వాడు. "ఈమెను ఎవురూ అడగలే."

వియ్యంకుడు వంగి బిడ్డ బుగ్గ తుడిచాడు. ఆ చేత్తోనే, చూసుకోకుండానో చూసుకునో, మా వాడి బుగ్గ కూడా తుడిచేశాడు.

బిడ్డ ఏడుపు ఆగడం లేదు. చక్కెర పెట్టారు, గిలక ఆడించారు, డప్పులవాణ్ణి పిలిచారు. చివరికి వియ్యంకుడు అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, "అది చూపీరా" అన్నాడు.

"ఏది మామా?"

"అదే. నాలిక."

మా వాడు నాలుక బయటపెట్టి రెండు కొసల్నీ ఆడించాడు. ఏడుపు మధ్యలోనే బిడ్డ నవ్వింది. ఎర్రరాళ్లు చెవుల్లో మెరిసేలా తల ఊపుతూ, తన నోట్లో వేలు పెట్టుకుని రెండో కొస కోసం వెతుక్కుంది. వియ్యంకుడు దగ్గరగా వంగి ఆ నాలుకను మొదటిసారి పరిశీలనగా చూశాడు. "అన్నం తినేటప్పుడు ఇబ్బంది కాదా?" అని అడిగాడు.

దిగేటప్పుడు పాలావిడ మాకు ఎదురుపడింది. పుట్ట దగ్గర జనం ఎక్కువట, పోలేకపోయిందట. గుడ్డు ఇంకా చేతిలోనే ఉంది. "మొక్కు కాకపోతే కాకపోనీలే" అని మళ్లీ మా వాడికిచ్చేసి, "రేపు తిను. ఈ పొద్దు కృత్తిక" అంది.

కింద కారులో మావారు కునికిపాట్లు పడుతున్నారు. తలుపు తీసేసరికి ఉలిక్కిపడి, "ఎవురి ఒళ్లో కుట్టినారు?" అని అడిగారు.

మా వాడు వెనక సీటులో, నిద్రపోయిన బిడ్డను ఎదకు ఆనించుకుని, చేతిలో గుడ్డు పగలకుండా పట్టుకుని కూర్చున్నాడు. వాడి నెత్తిన వియ్యంకుడి ఉన్ని టోపీ. ఇచ్చేయబోతే, "ఉంచుకో, తోటకొచ్చినప్పుడు పెట్టుకుందువు" అన్నాడట.